అద్దాల జాకెట్లు

ఎర్రగట్టు చెరువులో బోటు ఎక్కేవాళ్లలో నీళ్ల మీద ప్రేమతో వచ్చేవాళ్లు నూటికి పదిమంది ఉంటే గొప్ప. మిగతా తొంభైమందీ ఫోటో కోసమే వస్తారు. కోదాడ దాటాక హైవే నుంచి కనిపించీ కనిపించకుండా ఉండే ఆ చెరువుకు బోటింగ్ పాయింటు వచ్చిన నాటి నుంచీ ఇదే తంతు. బోటు కట్ట వదలకముందే ఫోన్లు పైకి లేస్తాయి. ఆడవాళ్లు కొంగులు గాలికి వదులుతారు. మగవాళ్లు నల్లకళ్లద్దాలు పెట్టుకుని, తమను ఎవరూ ఫోటో తీయడం లేదన్నట్టు దూరంగా చూస్తారు. అటువంటి జనం ఒంటికి ముతక ఆరెంజి రంగు లైఫ్ జాకెట్ తొడగడమే ప్రవళిక ఉద్యోగం. పులి నోట్లో తల పెట్టడం ఇంతకన్నా సులువని ఆమెకు మొదటి వారంలోనే తెలిసిపోయింది.

ఉద్యోగం ఇచ్చింది సర్కారు. సరదాకు బోటెక్కేవాళ్ల ప్రాణాలు కాపాడాలని పైన ఎవరికో మంచి బుద్ధి పుట్టి, ఒక పథకం పెట్టి, ఎర్రగట్టు చెరువుకు కూడా కాసిని నిధులు విదిలించారు. ఆ నిధులతో నలభై జాకెట్లు, తాడు కట్టిన రెండు ట్యూబులు, ఒక మైకు, 'నీటితో ఆటలొద్దు' అని రాసిన ఒక బోర్డు, ఒక సేఫ్టీ గార్డు వచ్చారు. మంజూరు కాగితంలో గార్డు పేరు బోర్డు తర్వాతే ఉంది. నీటితో ఆడుకోవడానికే వచ్చినవాళ్లకు నీటితో ఆటలొద్దని చెప్పడమేమిటని ఎవరూ అడగలేదు. ఆ బోర్డు ముందు నిలబడితే ఫోటో బాగా వస్తుంది మరి.

గార్డు పోస్టు ఆరు నెలలకే. గడువు తీరే ముందు హైదరాబాదు నుంచి ఆఫీసరు వచ్చి చూస్తారు. బోటులో ఉన్నవాళ్లు నూటికి నూరుమందీ జాకెట్ వేసుకుని కనిపిస్తే ఇంకో ఏడాదికి ఫండ్స్ వస్తాయి, పోస్టు నిలుస్తుంది. లేదంటే జాకెట్లు, ట్యూబులు, మైకు ఇంకో చెరువుకు పోతాయి. ప్రవళికను మాత్రం ఏ చెరువుకూ పంపరు. ఆమె వెళ్లి సూర్యాపేటలోని పాత చీరల షాపులో మళ్లీ నిలబడాలి.

నిలబడాలి అన్నది ఊరికే అన్న మాట కాదు. ఆ షాపులో అమ్మే పిల్లలు కూర్చోకూడదు. పొద్దున పదింటి నుంచి షట్టరు దించేదాకా నిలబడే ఉండాలి, కొననివాళ్లకు వంద చీరలు విప్పి చూపించి మళ్లీ వందా మడత పెట్టాలి. ప్రవళిక రెండేళ్లు చేసింది. పాదాలు వాచి చెప్పులు పట్టేవి కావు. ఆ రెండేళ్లలో ఒక్కనాడు కూడా, ఈ పనికి నేనే కావాలి అని ఆమెకు అనిపించలేదు. చెరువు కట్ట మీద ఈల మెడలో వేసుకున్న రోజున అనిపించింది. పాలకీడు దగ్గర తండాలో పుట్టిన పిల్ల, సాగర్ ఎడమ కాల్వలో మగపిల్లలతో పందెం వేసి ఈత నేర్చింది. ఆడపిల్లకు ఈతెందుకని తండా అంతా తిట్టిపోస్తే, ఆ ఈతనే చూసి సర్కారు పిలిచి ఉద్యోగం ఇచ్చింది. అందుకే ఆ పోస్టు పోతుందన్న ఊహ వస్తే చాలు, ఆమెకు ముద్ద దిగేది కాదు.

కానీ జాకెట్ వేసుకునేదెవరు? ఒకాయనకు మెడ దురద. ఒక కొత్త అల్లుడికి అత్తగారు పెట్టిన గొలుసు కనిపించదని బాధ. ఒక రిటైర్డు పంతులైతే ఈత వచ్చినవాడికి జాకెట్ దండగని పావుగంట ఉపన్యాసం ఇచ్చాడు. మీకు ఈత వచ్చా సార్ అని ప్రవళిక అడిగితే, నాకు రాదు గానీ సూత్రం చెబుతున్నానన్నాడు. ఇంకొందరు ఒడ్డున బుద్ధిగా వేసుకుని, బోటు కదలగానే విప్పి సీటు మీద మెత్తగా పరుచుకునేవాళ్లు. మైకులో అరిచి అరిచి ఆమె గొంతు బొంగురుపోయేది.

తోడుగా ఉన్న ఇద్దరూ ఇద్దరే. బోటు నడిపే జయరాజు యాభై దాటిన మనిషి, ఆదివారం చర్చి అయ్యాకే డ్యూటీకి వచ్చేవాడు. ఎవరు జాకెట్ వేసుకున్నా వేసుకోకున్నా ఆయన నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని, ఇన్నేళ్లలో ప్రభువు దయవల్ల ఒక్కరూ పడలేదు బిడ్డా అనేవాడు. పాయింటు ఇన్‌చార్జి శ్రీహరి కోదాడ మనిషి. అతనికి గిరాకీ పోతుందన్న భయం ఒకవైపు, ఆఫీసరు వస్తుందన్న భయం ఇంకోవైపు. ఆఫీసరు వచ్చిన రోజు కాళ్లు పట్టుకునైనా అందరితో వేయిద్దాం, మిగతా రోజులు చూసీచూడనట్టు పోనివ్వమనేవాడు.

ఒకరోజు ప్రవళికకు ఏం తోచిందో, ఒక జాకెట్ తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. జనం మీద ఆమెకున్న కోపం సగం అక్కడికక్కడే పోయింది. ఐదు నెలల చెమట, ఐదు నెలల ఎండ, ఎవరిదో తలనూనె. మునిగిపోయినా పరవాలేదు గానీ ఇది వేసుకోను అనిపించేంత వాసన. నాలుగింటికి బెల్టులు కూడా తెగి వేలాడుతున్నాయి. కోదాడలో ఆమె కిరాయి గదికి రోజుకు రెండు బకెట్ల నీళ్లొస్తే పండగే. అందుకని సోమవారం, బోటింగుకు సెలవు రోజున, ఇరవై జాకెట్లు గోనెసంచుల్లో కుక్కి, తావుర్యా మామ ఆటోలో వేసుకుని తండాకు పోయింది. మిగతా ఇరవై పాయింటులోనే ఉంచింది.

కాల్వ దగ్గర సబ్బు పెట్టి రుద్ది రుద్ది ఉతికి, ఇంటి ముందు కంచె మీద ఆరేసింది. వానాకాలం కావడంతో లోపలి మందపాటి స్పాంజి ఒక్క పూటకు ఆరేలా లేదు. వచ్చే సోమవారం తీసుకుపోతానని, ఈలోపు ఆ తెగిన నాలుగు బెల్టులు కుట్టిపెట్టమని నాయనమ్మ ద్వాళికి చెప్పి, పెద్దరోడ్డు దాకా నడిచి బస్సెక్కింది. ఆ ఒక్క మాట చెప్పకుండా పోయి ఉంటే ఈ కథే లేదు.

ద్వాళికి డెబ్బై దాటింది. అద్దాల పావడా, కాంచళి ఇంకా విడవని ముసలమ్మలు తండాలో ఐదుగురు మిగిలితే, వాళ్లలో ఆమె పెద్దది. కాంచళి అంటే లంబాడీ ఆడవాళ్ల రవిక. ముందు భాగమంతా అద్దాలు, గవ్వలు, రంగుదారాల పని ఉంటుంది, తాళ్లతో కట్టుకుంటారు. ద్వాళి కంచె మీది జాకెట్ ఒకటి తీసి అటూ ఇటూ తిప్పింది. ముందు వెడల్పాటి గుడ్డ, పక్కన కట్టుకునే తాళ్లు. ఇది కాంచళి కాక మరేమిటి? కాకపోతే ఒక్క అద్దం లేదు, ఒక్క గవ్వ లేదు. మనుమరాలి నౌకరీకి సర్కారు కాంచళ్లు ఇచ్చిందని, ఇచ్చి పని సగంలో వదిలేసిందని ఆమెకు ఇట్టే అర్థమైంది. అర్థం కాకేం? తండాకు రోడ్డు వేస్తామని వచ్చి సగం దాకా వేసి పోయారు. నీళ్ల ట్యాంకు కట్టి పైపు వేయడం మరిచారు. అదే సర్కారు కాంచళ్లు మాత్రం పూర్తిగా కుట్టి పంపుతుందా?

ఆడపిల్ల గడప దాటి పోతుంటే బోసిబట్టతో పంపడం ఆ తండాలో లేదు. పెళ్లి కుదిరితే చాలు, నెలల తరబడి ఆడవాళ్లంతా ఒకచోట కూర్చుని కుడతారు. ప్రవళిక పెళ్లికి పోకుండా నౌకరీకి పోయింది కాబట్టి ఆ ముచ్చట తీరలేదని ముసలమ్మలకు లోలోపల ఉండనే ఉంది. ఇక ఆగుతారా? పైపు లేని ఆ ట్యాంకు నీడలో ఐదుగురూ చాపలు పరిచారు. పెట్టెల్లో మూలుగుతున్న పాత పావడాల మీది అద్దాల పట్టీలు ఊడదీశారు. గవ్వలు చాలకపోతే పక్కింటి ఫకీరా పెళ్లాన్ని మిర్యాలగూడ పంపి తెప్పించారు. వారం తిరిగేసరికి ఇరవై జాకెట్లూ కుట్టి అవతల పడేశారు. ఆ వేగంతో రోడ్డు వేసి ఉంటే తండాకు ఎప్పుడో బస్సు వచ్చేది.

సోమవారం ఆటో దిగిన ప్రవళిక కంచె వైపు చూసి అక్కడే నిలబడిపోయింది. ఎండ పడి కంచె మొత్తం భగ్గున మెరుస్తోంది. ఒక్కో జాకెట్ ముందు భాగాన అద్దాల పూలు, అంచుల వెంట గవ్వలు, భుజాల మీద ఎరుపు పసుపు ఊలు కుచ్చులు, నడుము దగ్గర వరుసగా చిన్న చిన్న గజ్జెలు. అందంగా ఉన్నాయి. అంత అందమైన నేరాన్ని ఆమె పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

"దాదీ, బెల్టులు గద కుట్టమన్న."

"బెల్టులు గూడ కుట్టినం, సూసుకో," అంది ద్వాళి. "చేతుల సూది ఉన్నంక ఊకె కూసుంటమా?"

జాకెట్ లోపలి వైపు అంటించిన గుడ్డముక్క మీద ఏమి అచ్చువేసి ఉందో ప్రవళికకు కంఠతా వచ్చు. దీనికి ఎటువంటి మార్పూ చేయరాదు. ఇంట్లోంచి బ్లేడు తెచ్చి ఒక అద్దం అంచున దారం తెంపబోయింది. అది ద్వాళి కుట్టు; దారం తెగాలంటే ముందు కింది గుడ్డ తెగాలి. పైగా ఐదుగురు ముసలమ్మలూ ఎదురుగా వరుసగా కూర్చుని, సూది గుచ్చుకుని వాచిన వేళ్లు ఒళ్లో పెట్టుకుని, ఎప్పుడు మెచ్చుకుంటుందా అని ఆమె ముఖంలోకే చూస్తున్నారు. ప్రవళిక బ్లేడు కొంగుచాటున దాచేసింది. చానా బాగున్నయ్ దాదీ అంది. నిజమే చెప్పింది, చెప్పాక ఏడుపొచ్చినంత పనైంది. ఆ సాయంత్రం ఒకటి తొడుక్కుని ఎవరూ చూడకుండా కాల్వలో దిగి చూసుకుంది. తేలింది. ఆ మాత్రం ధైర్యంతోనే మరునాడు సంచులు పాయింటుకు చేర్చింది.

శ్రీహరి సంచి మూతి విప్పి చూసి, లోపల పాముందన్నట్టు గబగబా మళ్లీ కట్టేశాడు.

"ఏంటమ్మా ఇది? గురువారం రివ్యూ అని ఇప్పుడే ఫోనొచ్చింది. గవర్నమెంటు జాకెట్లకు గజ్జెలు కట్టావా నువ్వు?"

ఆమె జరిగిందంతా చెప్పింది. గోరుచుట్టు మీద రోకలిపోటంటే ఇదేనని అతను తల పట్టుకున్నాడు. చివరికి ఇద్దరూ కలిసి ఒక ఉపాయం చేశారు. అద్దాల జాకెట్లన్నీ టికెట్ కౌంటరు వెనుక టార్పాలిన్ కింద దాచడం, గురువారం దాకా ఉన్న ఇరవై మామూలు జాకెట్లతోనే నెట్టుకురావడం. ఆ ఉపాయం సరిగ్గా ఒక పూట నిలిచింది.

ఆ మధ్యాహ్నమే మిర్యాలగూడ రైసుమిల్లు వాళ్ల అమ్మాయి, ఆమెను చేసుకోబోయే కుర్రవాడు ప్రీ-వెడ్డింగ్ షూటుకు వచ్చారు. రెండు కార్లు, ముగ్గురు కెమెరావాళ్లు, ఒక డ్రోను, రంగురంగుల పొగ వదిలే డబ్బాలు, మాటిమాటికీ పౌడరు అద్దడానికి ఒక మనిషి. పెళ్లికూతురు చిలకపచ్చ పట్టుచీరలో ఉంది. ప్రవళిక ఎప్పటిలాగే ఆరెంజి జాకెట్ పట్టుకుని ముందుకు పోయింది. ఇది వేసుకుంటే నా చీర ఎవరికి కనిపిస్తుందని ఆ అమ్మాయి, వేసుకోకుంటే బోటు కదలదని ప్రవళిక. ఇద్దరూ తగ్గేరకం కాదు. శ్రీహరి మధ్యలో దూరి చెరోవైపూ చెరో నవ్వు నవ్వుతూ సర్దిచెబుతుండగా గాలి వీచి టార్పాలిన్ మూల లేచింది. అద్దాల మెరుపు వచ్చి సూటిగా పెళ్లికూతురు కళ్లలో కొట్టింది.

ఆమె వెళ్లి టార్పాలిన్ లాగేసింది. ఆ తర్వాత జరిగింది ఆపడం ఎవరి వల్లా కాలేదు. ఆమె నాలుగు తొడిగి చూసి ఐదోది ఎంచుకుంది. పెళ్లికొడుకు నాక్కూడా కావాలన్నాడు. కెమెరావాళ్లు, పౌడరు మనిషి, పొగడబ్బాల కుర్రవాళ్లు తలా ఒకటి తగిలించుకున్నారు. జయరాజుకు కూడా ఒకటి తొడిగారు. ఒళ్లంతా గజ్జెలు మోగుతుంటే ఆయన మీసం దువ్వుకుంటూ, ఒక చుట్టుకు టికెట్ కొన్నవాళ్లను మూడు చుట్లు తిప్పాడు. పచ్చచీర మీద అద్దాలు తళతళలాడుతుంటే డ్రోను బ్యాటరీ అయిపోయేదాకా తీసి, మార్చి మళ్లీ తీశారు. ప్రవళిక ఒడ్డున నిలబడి వేలితో లెక్కపెట్టింది. బోటులో పదకొండుమంది. పదకొండుమందీ జాకెట్లలోనే ఉన్నారు. ఐదున్నర నెలల్లో అలా జరగడం అదే మొదటిసారి.

పెళ్లికూతురు పెట్టిన రీలు తెల్లారేసరికి జిల్లా అంతా తిరిగివచ్చింది. బుధవారం పొద్దున తొమ్మిదింటికే కట్ట మీద బండ్లు పెట్టే చోటు లేదు. సూర్యాపేట నుంచి ఒక కాలేజీ బస్సు, హుజూర్‌నగర్ నుంచి రెండు ఆటోల నిండా ఆడవాళ్లు, ఎక్కడి నుంచో ఒక సీమంతం బృందం. అందరి నోటా ఒకటే మాట, అద్దాలవి కావాలి. మామూలు జాకెట్ ఇస్తే తీసుకుని క్యూలో నిలబడి, అద్దాలది ఖాళీ కాగానే మార్చుకుంటున్నారు. మెడ దురద అన్న పెద్దమనిషి మళ్లీ వచ్చి, తీయమంటే తీయనన్నాడు. ఒక కుటుంబమైతే బోటు దిగి జాకెట్లతోనే బస్టాపు దాకా నడిచిపోయింది. ప్రవళిక ఈల ఊదుకుంటూ వెంటపడి, బస్సు ఆపి విప్పించుకుని వచ్చింది. ఆయాసపడుతూ, చెమట కక్కుతూ, ఒంటరిగా నడుస్తూ నవ్వుకుంది. జాకెట్ వేసుకోమని ఇన్నాళ్లు బతిమాలిన తనే, విప్పమని బతిమాలాల్సి వస్తుందని కలగన్నదా?

సాయంత్రానికి శ్రీహరి ప్లేటు ఫిరాయించాడు. దాచడమేమిటమ్మా, రేపు మేడంకు ఇవే చూపిద్దాం, నూటికి నూరుమంది వేసుకున్నారంటే ఎవరు కాదంటారు అన్నాడు. ప్రవళికకు కూడా ఆశ పుట్టింది. ఆ రాత్రి ఆమె చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నది.

గురువారం పదకొండింటికి హైదరాబాదు ఆఫీసరు కవిత మేడం కారు దిగింది. నూలుచీర, చేతిలో ఫైలు, మాటలో కోపమూ లేదు, నవ్వూ లేదు. అదే సమయానికి బోటు ఒడ్డుకు వచ్చింది. ఇరవైమంది, ఇరవై అద్దాల జాకెట్లు. ఆమె నిదానంగా లెక్కపెట్టి, ఒకరి జాకెట్ విప్పించి, తిరగేసి, లోపలి గుడ్డముక్క మీది అక్షరాలు చదివింది. ప్రవళిక వైపు తిరిగింది.

"మార్పు చేసిన జాకెట్‌ను నేను జాకెట్ కింద లెక్క వేయలేనమ్మా. నా కాగితంలో ఈ బోటులో ఒక్కరూ జాకెట్ వేసుకోలేదు."

శ్రీహరి ముఖం తెల్లబోయింది. కవిత మేడం చెడ్డమనిషేమీ కాదు, కారణాలు కూడా చెప్పింది. ఇంత బరువు కుట్టాక మనిషిని తేలుస్తుందని ఏమిటి నమ్మకం? రాత్రిపూటైనా దూరానికి కనిపించాలని వేసిన మెరుపు పట్టీ మొత్తం గవ్వల కింద పోయింది. రేపు ఎవరైనా మునిగితే అద్దాలను అడగలేం కదా అంది. నేను వేసుకుని కాల్వలో దిగి చూసిన మేడం, తేలింది అని ప్రవళిక చెప్పింది. ఈత వచ్చినదానివి, నువ్వు జాకెట్ లేకున్నా తేలుతావు అంది ఆమె. మేడం బల్ల దగ్గర కూర్చుని కలం మూత తీసింది.

సరిగ్గా అప్పుడే తావుర్యా ఆటో వచ్చి ఆగింది. అందులోంచి ద్వాళి, ఆమె వెంట నలుగురు ముసలమ్మలు దిగారు. తమ కాంచళ్లు ఫోన్లో నీళ్ల మీద తిరుగుతున్నాయని విని, కళ్లారా చూడటానికి వచ్చారట. మనుమరాలి ముఖం చూడగానే ద్వాళి ఏమైందని అడిగింది. ప్రవళిక తమ భాషలో రెండు ముక్కల్లో చెప్పింది. ఇవి తేలవంటున్నది, అట్లనే రాస్తున్నది, నా నౌకరీ పోయింది దాదీ.

ద్వాళి ఏమీ మాట్లాడలేదు. ఆమె నోరు మూసుకుందంటే ఏదో మూడిందని తండాలో పిల్లలకు కూడా తెలుసు. కానీ ప్రవళిక ఆ ధ్యాసలో లేదు. మేడం వెనకాలే నిలబడి, మామూలువి ఇంకో ఇరవై ఉన్నయి, ఒక్క నెల గడువియ్యమని బతిమాలుతోంది. ఆమె మళ్లీ తల తిప్పి చూసేసరికి బోటు కట్ట వదిలి బాగా దూరం పోయింది. అందులో మిగతా జనం మధ్య ఐదుగురు ముసలమ్మలూ అద్దాల జాకెట్లు తొడుక్కుని పెళ్లిబస్సులో కూర్చున్నట్టు కూర్చున్నారు. వాళ్లలో ఒకరు లేచి నిలబడ్డారు. జయరాజు కూర్చోమని కేక వేయడం ఒడ్డుకు వినిపించింది.

"దాదీ," అంది ప్రవళిక, ఎవరికీ వినిపించని గొంతుతో.

ద్వాళి చేతులు రెండూ పైకెత్తి, మోచేతుల దాకా గాజులతో, అద్దాల పావడాతో, కాళ్ల కడియాలతో, చెరువు నడుమ దూకేసింది.

నీళ్లు మూసుకున్నాయి. అక్కడ ఏమీ లేదు. అలలు వలయాలుగా విచ్చుకుంటున్నాయి, అంతే. ఆ రెండు మూడు క్షణాల్లో ప్రవళికకు ఉద్యోగం గుర్తులేదు, మేడం గుర్తులేదు, తన పేరు కూడా గుర్తులేదు. ట్యూబు భుజాన తగిలించుకుని దూకేసింది. బోటులో జనమంతా ఫోన్లు పట్టుకుని ఒక్క వైపుకే ఎగబడటంతో అది ఒరిగి, జయరాజు తిప్పలేక నానా తిప్పలు పడుతున్నాడు. నీళ్లలోంచి చూస్తే ఎదురుగా అలలు, ఎండ, ఇంకేమీ కనిపించడం లేదు. ఎటు పోవాలో తెలియక ఆమె ఒక్క క్షణం ఆగింది.

అప్పుడు కుడివైపు దూరంగా ఏదో తళుక్కుమంది. మళ్లీ తళుక్కుమంది. వెనుక నుంచి కవిత మేడం గొంతు చించుకుని అరుస్తోంది, కుడివైపు, కుడివైపు మెరుస్తోంది చూడు అని. ప్రవళిక ఆ మెరుపును పట్టుకుని ఈదింది. గాలికి పక్కకు కొట్టుకుపోయిన ద్వాళి అక్కడ వెల్లకిలా తేలుతోంది. పావడా చుట్టూ గుండ్రంగా విచ్చుకుంది. తలగుడ్డ ఊడిపోయింది. రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని ఆకాశం చూస్తోంది.

"ఇంత సల్లగుంటయా నీళ్లు," అంది మనుమరాలిని చూసి. "ముందుగాల ఎందుకు చెప్పలే నాకు?"

ప్రవళికకు తిట్టాలో నవ్వాలో తెలియలేదు. రెండూ చేసింది, కాసిన్ని నీళ్లు కూడా మింగింది. ట్యూబు ఆమె చేతికిచ్చి, జాకెట్ బెల్టు పట్టుకుని లాక్కుంటూ ఒడ్డుకు తిరిగింది. ద్వాళి దారి పొడవునా బోటులోని ముసలమ్మలకు చేతులూపుతూ, మీరు గూడ దుంకుండ్రని పిలుస్తూనే ఉంది. ఇద్దరు దూకబోతే జయరాజు చెరో చేత్తో పట్టుకుని, ప్రభువును తలుచుకుంటూ కూర్చున్నాడు. ఒడ్డున చప్పట్లు, ఈలలు. కవిత మేడం చెప్పులతో సహా మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఉంది, ఫైలు నెత్తిన పెట్టుకుని. ఆమె ఎప్పుడు దిగిందో ఆమెకే తెలియదు.

ద్వాళిని కూర్చోబెట్టి తువ్వాలు కప్పారు. ప్రవళిక నాడి చూసింది, కాళ్లు చేతులు తడిమి చూసింది, ముసలమ్మ రాయిలా ఉంది. మేడంకు అప్పటికి గొంతు వచ్చింది. ఎంత ప్రమాదం, ఈ వయసులో ఇదేం పని అని కేకలేసింది. తర్వాత కాస్త తగ్గి, పక్కనే చతికిలబడి అడిగింది.

"ఆ జాకెట్ మీద మీకంత నమ్మకమా అమ్మా?"

ద్వాళి ఆశ్చర్యంగా చూసింది.

"దీని మీదనా? అద్దాలు కుడితిమి, గవ్వలు కుడితిమి, గజ్జెలు కుడితిమి. రాయి లెక్క మునుగుతదనే అనుకున్న."

"మరెందుకు దూకారు?"

ద్వాళి గడ్డంతో మనుమరాలిని చూపించింది.

"గిది ఒడ్డు మీద నిలవడి ఉండె గద. గుంజుకొస్తదని తెల్వదా నాకు?"

శ్రీహరి ఎటో చూస్తూ ముక్కు తుడుచుకున్నాడు. కవిత మేడం లేచి వెళ్లి ఫైలు తెరిచింది. ఇందాక రాసిన వాక్యం మీద గీత కొట్టింది. రెండు అద్దాల జాకెట్లు హైదరాబాదుకు పరీక్షకు పంపాలని, దూరానికి బాగా కనిపించే మాట నిజమని రాసింది. కింద ఇంకో వాక్యం రాసి, ప్రవళికను దగ్గరికి పిలిచి, వేలు పెట్టి చూపించింది. సేఫ్టీ గార్డు పోస్టు వచ్చే ఏడాదికి కొనసాగించవలెను. ఇది లేకుండా మిగతా సామాను దండగ.

ప్రవళిక ఆ వాక్యం రెండుసార్లు చదివింది. మూడోసారి అక్షరాలు కనిపించలేదు. చీరల షాపులో కాళ్లు వాచినప్పుడు రాని ఏడుపు, ఇందాక నీళ్లలో రాని ఏడుపు, అంతా ఒక్కసారి వచ్చి మీద పడింది. తడిబట్టలతో నాయనమ్మ ఒళ్లో తల పెట్టుకుని, నవ్వుతూనే వెక్కి వెక్కి ఏడ్చింది.

ద్వాళి ఆమె జుట్టు పిండుతూ గదమాయించింది.

"ఏడుస్తవేందే? నీళ్లల్ల పడ్డది నేను గద."